షోరూమా, మిస్త్రీ షెడ్డా? సరిహద్దు ఊళ్ళలో బండి సర్వీసింగ్ ఎక్కడ చేయించాలి

మొన్న మా అక్క కొడుకు పార్వతీపురంలో కొత్త బండి తీసుకుని, కూనేరు మీదుగా రాయగడ వచ్చాడు. బండి స్టాండు వేసీ వెయ్యగానే అడిగిన మొదటి మాట: "మావయ్యా, ప్రతి సర్వీసింగుకీ మళ్ళీ పార్వతీపురమే ఎళ్ళాలేటి?"

అక్కర్లేదు. మన దగ్గర చాలామందికి ఈ సంగతి తెలియక ఏళ్ళ తరబడి పెట్రోలు తగలేస్తున్నారు. ఇంకొందరు "అంత దూరం ఎవడు పోతాడులే" అని ఫ్రీ సర్వీసులు ఎగ్గొట్టి, తర్వాత ఇంజను పాడైతే వారంటీ లేదనిపించుకుంటున్నారు. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కోరాపుట్, జయపురం వైపు ఉండే తెలుగువాళ్ళకి ఈ లెక్క హైదరాబాదు వాళ్ళ లెక్కలా ఉండదు. ఇక్కడ దూరం ఉంది, ఘాట్ రోడ్డుంది, లారీలు లేపే ఎర్రదుమ్ముంది. వాడికి ఆ సాయంత్రం చెప్పినదాన్నే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

మొదటి మెట్టు: బండి ఏ దశలో ఉందో చూసుకోండి

బండితో పాటు ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్, వారంటీ పుస్తకం బయటికి తీయండి. చూడాల్సినవి మూడు: కొన్న తేదీ, వారంటీ ఎన్నేళ్ళు ఎన్ని కిలోమీటర్లు, ఫ్రీ సర్వీసులు ఎప్పుడెప్పుడు. ఉదాహరణకు హీరో బండ్లకి మొదటి సర్వీసు 500 నుంచి 750 కిలోమీటర్ల మధ్య, లేదా 60 రోజుల్లోపు. మారుతి కార్లకి 1,000 కిలోమీటర్లు లేదా నెల, తర్వాత 5,000 లేదా ఆరు నెలలు, ఆపైన 10,000 లేదా ఏడాది. ప్రతిచోటా "ఏది ముందైతే అది" అని ఉంటుంది. మనవాళ్ళు తప్పేది అక్కడే. బండి పెద్దగా తిరగలేదు కదా అని కిలోమీటర్ల కోసం చూస్తూ కూర్చుంటారు, ఈలోగా గడువు తేదీ దాటిపోతుంది.

ఫ్రీ సర్వీసు అంటే కూలి మాత్రమే ఉచితం. ఆయిలు, ఫిల్టరు, గ్రీజు లాంటి వాటికి మీరే డబ్బు కట్టాలి. బిల్లు చూసి "ఫ్రీ అని చెప్పి డబ్బు గుంజారు" అని గొడవపడే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఇప్పుడు మేనల్లుడి ప్రశ్న. ఫ్రీ సర్వీసు కూపన్లు అమ్మిన డీలరువి కావు, కంపెనీవి. అదే కంపెనీ అధీకృత సర్వీస్ సెంటరు దేశంలో ఎక్కడున్నా అవి చెల్లుతాయి. బండి మీద ఏపీ నంబరున్నా, ఇక్కడికొచ్చి రాయగడ నంబరు ఓడీ-18 వేయించుకున్నా వారంటీకి తేడా రాదు. "బండి మా దగ్గర కొనలేదు కదా" అని ఎవరైనా మొహం తిప్పుకుంటే, వారంటీ పుస్తకంలో ఆ పేజీ తీసి చూపించండి. అప్పటికీ వినకపోతే అక్కడే నిలబడి కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చెయ్యండి. నేను చూసినంతలో ఫోన్ చెవిన పెట్టగానే మాట మారుతుంది.

వారంటీ ఉన్నంతకాలం షెడ్డు జోలికి పోవద్దన్నది నా అభిప్రాయం. దీని మీద ఒక వాదన వినిపిస్తుంది: బయట చేయించినంత మాత్రాన వారంటీ తీసెయ్యకూడదని, వ్యాపారాల్లో పోటీ సక్రమంగా ఉందో చూసే ప్రభుత్వ సంస్థ కాంపిటీషన్ కమిషన్ చెప్పింది కదా అని. చెప్పిన మాట నిజమే. 2014 ఆగస్టు 25న ఆ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. విడిభాగాలు, స్కానింగ్ పరికరాలు బయటి మెకానిక్కులకు దొరకనివ్వకపోవడం తప్పని తేల్చింది. కానీ ఆ కేసు అప్పీళ్ళకు వెళ్ళింది, పైగా అది కార్ల కంపెనీల కేసు. రేపు మీ ఇంజను పట్టేసిన రోజున సర్వీస్ సెంటరు కౌంటర్లో నిలబడి ఆ ఉత్తర్వు చదివితే పని జరగదు. స్టాంపులు పడిన సర్వీసు పుస్తకం చూపిస్తే జరుగుతుంది.

రెండో మెట్టు: పనుల్ని విడదీయండి

"షోరూం మంచిదా, షెడ్డు మంచిదా" అని అడగడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. బండిని మొత్తంగా ఒకరికి అప్పజెప్పాలని ఎక్కడా లేదు. ఏ పని ఎవరి చేతికి ఇవ్వాలన్నదే తేల్చుకోవాల్సింది.

షోరూంకే ఇవ్వాల్సినవి: వారంటీ కిందకొచ్చే ఏ లోపమైనా, ఎయిర్‌బ్యాగులు, బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ మాడ్యూలు, తాళం చెవి ప్రోగ్రామింగు, కంపెనీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, కంపెనీ వెనక్కి పిలిచిన లోపాలు అంటే రీకాల్. రీకాల్ పని వారంటీ అయిపోయాక కూడా ఉచితంగానే చేస్తారు. మీ బండి ఛాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైటులో కొట్టి చూస్తే పెండింగ్ ఉందో లేదో తెలుస్తుంది. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్ళు ఇది తప్పకుండా చూసుకోవాలి, ఎందుకంటే కంపెనీ పంపే ఉత్తరం పాత యజమాని ఇంటికే వెళ్తుంది. కరెంటు బండ్లు, హైబ్రిడ్ కార్లలో బ్యాటరీ, మోటారు పనులకు కూడా బయటి చెయ్యి పడనివ్వొద్దు. అందులోని కరెంటుతో ప్రాణానికే ముప్పు.

షెడ్డులో నిశ్చింతగా చేయించుకోదగ్గవి: వారంటీ దాటిన బండికి ఆయిలు మార్పిడి, చైను సెట్టు, బ్రేకు షూలు, క్లచ్ ప్లేట్లు, కేబుళ్ళు, వీల్ బేరింగులు, ఫోర్క్ ఆయిల్ సీళ్ళు, పంక్చర్లు. పాత కార్బొరేటర్ బండ్లకైతే షెడ్డే మేలు. ఇరవయ్యేళ్ళుగా అదే బండి విప్పుతున్న మిస్త్రీ చెవికి ట్యాపెట్ శబ్దంలో తేడా వెంటనే అందుతుంది. కొత్తగా చేరిన షోరూం కుర్రాడికి అది పట్టుబడడానికి ఏళ్ళు పడుతుంది.

నడిమధ్య ఉన్నవి బీఎస్6 బండ్లు, అంటే పొగ కాలుష్యం తగ్గించే కొత్త ప్రమాణాలతో వచ్చినవి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మినవన్నీ ఈ కోవలోవే. కార్బొరేటర్ పోయి ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది, సెన్సార్లు పెరిగాయి. మీటర్లో ఇంజను బొమ్మ లైటు వెలిగితే స్కానరు పెట్టి కోడ్ చదవాలి. స్కానరు లేని షెడ్డులో "ముందు ఈ సెన్సారు మార్చి చూద్దాం, తగ్గకపోతే ఆ సెన్సారు" అని మొదలవుతుంది, ఖర్చంతా మీ నెత్తినే పడుతుంది. పాత అలవాటుతో స్క్రూడ్రైవరు పట్టుకుని ఇంజనుకి గాలి వదిలే థ్రాటిల్ బాడీ దగ్గర "ట్యూనింగ్" చెయ్యబోయే మిస్త్రీని అక్కడికక్కడే ఆపండి.

బీఎస్6 డీజిల్ కార్లకు ఇంకో చిక్కుంది. పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టరు, డీపీఎఫ్ ఉంటుంది. దానికి తక్కువ బూడిద మిగిల్చే ప్రత్యేకమైన ఆయిలే వాడాలి. డబ్బాలోంచి ఏదో ఒక డీజిల్ ఆయిలు పోస్తే ఫిల్టరు క్రమంగా మూసుకుపోతుంది, దాన్ని మార్చాలంటే చాలా ఖర్చు. మాన్యువల్లో రాసిన గ్రేడు కాగితం మీద రాసుకుని వెళ్ళండి.

మూడో మెట్టు: మిస్త్రీని ఎంచుకోవడం

ఇక్కడ నా అనుభవం చెప్పాలి. కొన్నేళ్ళ కిందట మా ఊరి దగ్గర ఒక షెడ్డులో నా గేరు బండికి ఆయిలు మార్పించాను. తెరిచి ఉన్న పెద్ద డబ్బాలోంచి పోశారు, నేను అడగలేదు. ఆ వారమే కోరాపుట్ వెళ్తుంటే లక్ష్మీపురం దాటాక ఎత్తుల్లో ఇంజను అరుస్తోంది గానీ బండి ముందుకు పోవడం లేదు. వెనకాల భార్య, బండికి వేలాడే సంచులు, పక్కన లారీలు. క్లచ్ జారిపోతోంది. పోసింది కారు ఆయిలని తర్వాత తేలింది. గేరు బండిలో క్లచ్ ప్లేట్లు ఇంజను ఆయిల్లోనే మునిగి ఉంటాయి. కార్ల ఆయిల్లో రాపిడి తగ్గించే రసాయనాలు కలుపుతారు, దాంతో ప్లేట్లు పట్టు కోల్పోతాయి. అందుకే గేరు బండి ఆయిలు డబ్బా మీద జాసో (జపాన్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. స్కూటర్లకి ఎంబీ. ఆ మిస్త్రీకి దురుద్దేశం ఏమీ లేదు, తెలియక పోశాడు. క్లచ్ ప్లేట్ల ఖర్చు మాత్రం నాదే అయింది.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. ఆయిలు డబ్బా నేనే కొంటాను, సీలు నా ఎదురుగానే తీయిస్తాను, ఖాళీ డబ్బాకి చిల్లు పెట్టి ఇంటికి తెచ్చుకుంటాను. ఖాళీ డబ్బాలు మళ్ళీ నిండి అమ్మకానికి వచ్చే దారి అదే మరి.

కొత్త మిస్త్రీ దగ్గరికి మొదటిసారే ఇంజను పని తీసుకుని వెళ్ళొద్దు. చిన్న పని ఇచ్చి పక్కన స్టూలేసుకుని కూర్చోండి. విప్పిన నట్లు గిన్నెలో వేస్తున్నాడా, నేల మీద పారేస్తున్నాడా? డ్రెయిన్ బోల్ట్ వాషరు చూసుకుంటున్నాడా? బిగించేటప్పుడు రెంచీకి పైపు తొడిగి బలమంతా పెడుతున్నాడా? అల్యూమినియం మరలు అలాగే పోతాయి. చివరన బండి తనే నడిపి చూసి ఇస్తున్నాడా? నేను అన్నింటికన్నా ఎక్కువ విలువిచ్చేది ఒకదానికి: తెలియని పనికి "ఇది నా దగ్గర కాదు బాబూ, షోరూంకి తీసుకెళ్ళు" అనగలగడం. ప్రతిదానికీ "హెయిజిబొ", అంటే "అయిపోతుందిలే" అనేవాళ్ళ దగ్గర జాగ్రత్త. కాదని చెప్పే మిస్త్రీ దొరికితే వదులుకోకండి. పండక్కి వాళ్ళ పిల్లలకి స్వీటు పొట్లం కూడా పట్టుకెళ్ళండి.

ఘాట్ రోడ్ల మీద తిరిగేవాళ్ళు బ్రేకు ఆయిలు సంగతి మిస్త్రీని అడగాలి, ఎందుకంటే అతను తనంతట తాను చెప్పడు. ఈ ద్రవం గాలిలోని తేమని పీల్చుకుంటుంది. తేమ చేరిన కొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. సుంకి ఘాటీ దిగుతూ సాలూరు చేరేలోపు పదేపదే బ్రేకు తొక్కితే వేడెక్కి ఆవిరి బుడగలు వస్తాయి, పెడలు మెత్తగా లోపలికి పోతుంది. మన వానాకాలపు తేమలో రెండేళ్ళకోసారి మార్పించడం తప్పనిసరి అనుకోండి. ఏ గ్రేడు, డాట్ 3 కావాలో డాట్ 4 కావాలో, బండిలో బ్రేకు ఆయిలు ఉండే డబ్బా మూత మీదే రాసి ఉంటుంది. ఏబీఎస్ ఉన్న కొన్ని మోడళ్ళకి బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయడానికి స్కానరు అవసరమవుతుంది, ఆ పని షోరూంలో చేయించండి.

ఎయిర్ ఫిల్టరు కూడా ఇలాంటిదే. గనుల లారీలు తిరిగే రోడ్లలో మాన్యువల్ చెప్పిన గడువు కన్నా ముందే మూసుకుపోతుంది. చాలా బండ్లలో ఆయిలు పట్టించిన కాగితపు ఫిల్టరు ఉంటుంది. దాన్ని గాలి కొట్టి శుభ్రం చెయ్యకూడదు, మార్చాల్సిందే. షెడ్డులో కంప్రెసరు గాలి కొట్టి "కొత్తది అయిపోయింది చూడండి" అంటే నమ్మొద్దు.

నాలుగో మెట్టు: షోరూంలో మోసపోకుండా

షోరూం అనగానే అన్నీ సవ్యంగా జరుగుతాయని కాదు. ఒకసారి ఒక సర్వీస్ సెంటరులో కారుకి ఎయిర్ ఫిల్టరు మార్చామని బిల్లు వేశారు. పాత ఫిల్టరు అంచున నేను ముందే పెన్నుతో చుక్క పెట్టి ఉంచాను. ఇంటికొచ్చి తీసి చూస్తే ఆ చుక్క అలాగే ఉంది. వెనక్కి వెళ్ళి చూపించాను, మారు మాట్లాడకుండా కొత్తది వేశారు. చుక్క పెట్టకపోయి ఉంటే నేను నిరూపించగలిగేవాణ్ణి కాదు.

బండి ఇచ్చేటప్పుడు, చెయ్యాల్సిన పనులు రాసే జాబ్ కార్డులో మీ ఫిర్యాదుని మీ మాటల్లోనే రాయించండి. "జనరల్ చెకప్" అని రాస్తే ఏమీ రాయనట్టే లెక్క. "మూడో గేరులో 40 దగ్గర ముందు చక్రం నుంచి కటకట శబ్దం" అని రాయించండి. కౌంటర్లో బండి తీసుకునే సర్వీస్ సలహాదారుకి తెలుగు రాకపోతే, మీకు ఒడియా చదవడం రాకపోతే, రాసింది చదివి వినిపించమని అడగండి, తర్వాతే సంతకం చెయ్యండి. కిలోమీటర్లు, పెట్రోలు ముల్లు, ఉన్న గీతలు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఖర్చు అంచనా ముందే అడగండి. అంతకు మించి ఏదైనా తేలితే ఫోన్ చేసి ఒప్పుకున్నాకే చెయ్యాలని కార్డు మీద రాయించండి. మార్చిన పాత సామాను తిరిగి ఇమ్మనండి.

ఇంక అదనపు హంగులు ఉన్నాయి: ఇంజన్ ఫ్లష్, డీకార్బనైజింగ్, అండర్ కోటింగ్, ఏసీ క్రిమిసంహారం, పాలిష్. మాన్యువల్లో ఉన్న పట్టికలో లేనిదాన్ని "వద్దు" అనడానికి మొహమాటపడకండి. సలహాదారులకి వాటి మీద టార్గెట్లు ఉంటాయి, వాళ్ళ ఉద్యోగం వాళ్ళది. మన డబ్బు మనది.

అయిదో మెట్టు: మూడో దారి

నేను అందరికీ చెప్పేది ఇదే: సామాను షోరూం స్పేర్ కౌంటర్లో కొనండి, మంచి మిస్త్రీ చేత వేయించండి. వారంటీ దాటిన బండికి ఇంతకన్నా గిట్టుబాటయ్యేది ఇంకోటి లేదు. సామాను అసలుదే వస్తుంది, కూలి షెడ్డు ధరే పడుతుంది.

ప్యాకెట్ మీద పార్ట్ నంబరు, ఎమ్మార్పీ, కంపెనీ ముద్ర ఉన్నాయో లేదో చూడండి. ఈ ఊళ్ళో దొరకని పార్టు కోసం విశాఖ వెళ్ళే ముందు ఫోన్ చేసి, పార్ట్ నంబరు చదివి, స్టాకు ఉందో కనుక్కోండి. బండి మోడలు పేరు చెబితే సరిపోదు, ఏడాది మారితే పార్టు మారిపోతుంది. అటు కొన్నా ఇటు కొన్నా పన్ను ఒకటే. 2025 సెప్టెంబరు 22 నుంచి బండ్ల విడిభాగాలన్నిటికీ జీఎస్టీ 18 శాతానికి వచ్చింది. అంతకుముందు చాలావాటికి 28 ఉండేది. పాత రేటుతో బిల్లు వేస్తే అడగండి.

ఆరో మెట్టు: దూరాన్ని కూడా లెక్కలో కలపండి

కొన్ని బ్రాండ్లకి దగ్గరి అధీకృత సెంటరు విజయనగరమో విశాఖో బరంపురమో అవుతుంది. అప్పుడు బిల్లు ఒక్కటే పోల్చి చూస్తే సరిపోదు. లెక్క కోసం ఇలా అనుకుందాం: షెడ్డులో రూ.900 అయ్యే పని షోరూంలో రూ.1,500. షోరూంకి పోను రాను పెట్రోలు రూ.500, ఒకరోజు పని పోయినందుకు రూ.700. అంటే ఆ పని మీకు రూ.2,700 పడింది. మూడు రెట్లు. ఆ తేడా విలువ చేసే పనులకే అంత దూరం వెళ్ళండి. వెళ్ళేటప్పుడు రీకాల్, స్కానింగు, అప్‌డేటు అన్నీ కలిపి ఒకే ప్రయాణంలో పెట్టుకోండి. పార్టు స్టాకు ఉందని ఖాయం చేసుకోకుండా కదలకండి.

అందుకే కొత్త బండి కొనే ముందే ఈ ప్రశ్న అడగాలి: దీని సర్వీస్ సెంటరు మనకి ఎంత దూరం? బావమరిది చెప్పాడని, రంగు నచ్చిందని కొనేసి, తర్వాత ఏటా ఘాటీ ఎక్కి దిగుతున్నవాళ్ళని చూస్తే బాధేస్తుంది.

యాక్సిడెంటు జరిగితే మాత్రం దూరం లెక్క వేరు. ముట్టుకోకముందే ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పండి. నెట్‌వర్క్ గ్యారేజీ, అంటే ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్నది, ఏ రాష్ట్రంలో ఉన్నా నగదు లేకుండా పని జరుగుతుంది. షెడ్డులో చేయించుకుంటే ముందు మీరు కట్టి, జీఎస్టీ బిల్లులు పెట్టి తర్వాత రాబట్టుకోవాలి. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు సామానుకి సగమే వస్తుంది.

ఏడో మెట్టు: కాగితం, ఫిర్యాదు

షెడ్డులో చేయించినా ఒక నోటు పుస్తకంలో తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, పార్ట్ నంబరు రాసి, మిస్త్రీ చేత సంతకం పెట్టించండి. బిల్లు పిన్ను కొట్టి ఉంచండి. అమ్మేటప్పుడు ఆ పుస్తకం ధర నిలబెడుతుంది.

ఎక్కడైనా అన్యాయం జరిగితే ముందు రాతపూర్వకంగా మేనేజరుకి, తర్వాత కంపెనీకి రాయండి. తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. సరిహద్దు వాళ్ళు గుర్తుంచుకోవాల్సిన ముఖ్యమైన సంగతి ఇక్కడే ఉంది: 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు. బండి విశాఖలో కొన్నా, అక్కడే పాడు చేసినా, రాయగడలో వేస్తే చాలు, వాళ్ళే ఇక్కడికి రావాలి. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు. గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్ళ లోపు వెయ్యాలి.

మేనల్లుడు మొదటి సర్వీసు రాయగడలోనే చేయించాడు. కూపను తీసుకున్నారు, ఆయిలుకి మాత్రం డబ్బు కట్టాడు. మర్నాడు పొద్దున్నే బండి చల్లగా ఉండగా ఇద్దరం కూర్చుని చూశాం: ఆయిలు మట్టం, డ్రెయిన్ బోల్ట్ దగ్గర చెమ్మ, చైను బిగువు, బ్రేకులు, వెనక చక్రం నట్టు. చైను కాస్త ఎక్కువ బిగించారు. వాడు మళ్ళీ వెళ్ళి సరిచేయించుకుని వచ్చాడు, పది నిమిషాల పని.